గాలి తిన్న అక్షరం

నేను ఒక మాటగొట్టాన్ని. పేరు విని వాయిద్యమనుకునేరు, కాదు. బారెడు కంటే కాస్త పొడవున్న రబ్బరు గొట్టాన్ని. ఒక చివర గరాటులాంటి నోరు. రెండో చివర పాయలుగా చీలి రెండు చెవులు. మధ్యలో ఉన్నదంతా ఖాళీ. ఒకరు నా నోట్లో మాట్లాడితే ఇంకొకరికి నా చెవుల్లోంచి వినిపిస్తుంది. నాకంటూ ఒక మాట లేదు. నోరూ చెవులూ ఉన్నా నన్ను ఎవరూ సాక్ష్యం అడగలేదు.

ప్రస్తుతం విజయనగరంలో ఒక పాతసామాన్ల కొట్లో, పగిలిన కిరసనాయిలు స్టవ్వుకీ చక్రం లేని కుట్టుమిషనుకీ మధ్య వేలాడుతున్నాను. రబ్బరు గట్టిపడింది. వంచితే చిట్లుతుంది. కొట్టతను నన్ను పూర్వకాలపు డాక్టర్ల సామానని చెప్పి అమ్మజూస్తున్నాడు. మొన్న ఒకాయన వచ్చి, గొట్టం ఎలాగూ పోయింది, గరాటు నూనె పోసుకోవడానికి పనికొస్తుందా అని లోపల వేలు పెట్టి చూసి వెళ్ళాడు. నాకు కోపమేమీ రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

నేను పుట్టింది ఇంగ్లండులో, యుద్ధం మొదలైన కొత్తలో. మగవాళ్ళంతా సైన్యంలోకి పోగా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళే పని చేసేవారు. నన్ను కోసి, గరాటు బిగించాక, సరిగ్గా వినిపిస్తోందో లేదో చూడ్డానికి ఒకామె నా నోట్లో ఏదో అంది. రెండో చివర ఇంకొకామె పగలబడి నవ్వింది. నేను మోసిన మొదటి మాట అదే. నాకు అప్పటికి భాష రాదు. ఆ నవ్వును బట్టి చూస్తే మేస్త్రీ మీద వేసిన విసురై ఉంటుంది.

తర్వాత ఓడ, రైలు, లారీ. చివరికి దక్కన్‌లో రాళ్ళగుట్టల మధ్య ఒక శిక్షణ మైదానం చేరాను. పేరు ఎందుకులెండి, యుద్ధం రోజుల్లో అలాంటివి చాలా ఉండేవి. అక్కడ కుర్రాళ్ళకి విమానం నడపడం నేర్పేవారు. నన్ను బిగించిన విమానం చెక్క చట్రానికి బట్ట తొడిగినది. ఒకదానిమీద ఒకటిగా రెండు జతల రెక్కలు, ఒళ్ళంతా పసుపు రంగు. పైన మూత లేదు. ముందు సీటులో నేర్పేవాడు, వెనక సీటులో నేర్చుకునేవాడు. ఇంజను రొదలో ఒకరి గొంతు ఒకరికి వినపడదు గనక మధ్యలో నేను. నా నోరు ముందు సీటులో ఉంటుంది, చెవులు వెనక కుర్రాడి తోలు టోపీలో ఉంటాయి. కుర్రాడు తిరిగి మాట్లాడ్డానికి ఇంకో గొట్టం ఉండేది గానీ దానికి పెద్దగా పని తగల్లేదు. గాల్లో కుర్రాళ్ళు దేవుడితో తప్ప ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

మొదట్లో నన్ను వాడినవాడు ఒక ఆంగ్లేయుడు. నేల మీద ఉన్నంతసేపూ మర్యాదస్తుడు. చక్రాలు నేల విడిచాయంటే మాత్రం నా గుండా పోయే మాటల్లో సగం తిట్లే. పంజాబు కుర్రాళ్ళనీ బెంగాలీలనీ మలయాళీలనీ ఏ భేదమూ లేకుండా తిట్టేవాడు. మనుషులందరూ సమానమన్న సంగతి అంత గట్టిగా నమ్మినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఆ మైదానంలో ఒక కట్టుబాటు ఉండేది. గొట్టంలో ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదు. ఇన్ని రాష్ట్రాల కుర్రాళ్ళు వచ్చేచోట అది సబబే. ముఖ్యంగా ఒక మాట విషయంలో ఏ సడలింపూ లేదు. విమానాన్ని కుర్రాడి దగ్గర్నుంచి తన చేతిలోకి తీసుకోవాలంటే నేర్పేవాడు "ఐ హావ్ గాట్ హర్" అనాలి. అది వినగానే వెనక కుర్రాడు నడిపే కర్రను వదిలి, రెండు చేతులూ పైకెత్తి చూపించాలి. ముందువాడు ఒక చిన్న అద్దంలో ఆ చేతులు చూసుకుని కర్ర అందుకుంటాడు. ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే ముప్పు. ఇద్దరూ వదిలేస్తే ఇంకా ముప్పు.

గొట్టంలో మాట ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. నెమ్మదిగా మాట్లాడితే మొత్తం అందుతుంది. అరిస్తే అందదు. అరిచే మనిషి మాట పూర్తి కాకుండానే తల వెనక్కి విసురుతాడు. చివరి అక్షరం గరాటులో పడకుండా పక్కనుంచి జారిపోతుంది. మూత లేని విమానంలో దాన్ని గాలి తినేస్తుంది. ఆంగ్లేయుడికి దీనివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. వాళ్ళ భాషలో 'వద్దు' అనేది ముందే వచ్చేస్తుంది. ఆ తర్వాత ఏ ముక్క పోయినా, చెయ్యకూడదన్న సంగతి మాత్రం చేరిపోతుంది. తెలుగులో అలా కాదు. చెయ్యమన్న మాటంతా అయ్యాక, చిట్టచివర తోకలా వస్తుంది వద్దనడం.

ఆంగ్లేయుడు బర్మా వైపు వెళ్ళిపోయాక ఆ సీటులోకి నరహరి వచ్చాడు. విజయనగరం మనిషి. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. తిట్టేవాడు కాదు. ప్రతిదీ రెండుసార్లు చూసుకునేవాడు. పెట్రోలు మూత తిప్పి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి తిప్పేవాడు. మెకానిక్కులు చాటుగా నవ్వుకునేవారు. అతను ఎక్కే ముందు నా గరాటుని జేబురుమాలుతో తుడిచేవాడు. నన్ను తుడిచిన మనిషి అంతకుముందు లేడు.

నరహరి దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో మజ్జి స్వామినాయుడు ఒకడు. బి.ఏ. చదివిన రైతుబిడ్డ. పుస్తకంలో ఉన్నదంతా వచ్చు. గాల్లోకి లేస్తే మాత్రం కర్రని పొగరుబోతు ఎద్దు పగ్గంలా బిగించి పట్టుకునేవాడు. ఏదైనా అంటే ఉలిక్కిపడి ఠక్కున వదిలేసేవాడు. బిగింపూ వదులూ తప్ప అతని చేతికి మధ్యస్థం తెలియదు.

ఒకరోజు దిగాక, చెమటతో తడిసిన టోపీ తీస్తున్న కుర్రాణ్ణి నరహరి ఇంగ్లీషులో ఊరేదని అడిగాడు.

"చీపురుపల్లి దగ్గరండి."

"ఏటి, చీపురుపల్లే! ఇన్నాళ్ళూ చెప్పవేంటోయ్? మాది విజీనారం."

"మీరు అడగలేదు మేష్టారూ."

"మేష్టారేటి? సార్ అనాలి. ఇది బడి కాదు."

"అలాగే మేష్టారూ."

ఆ మర్నాటి నుంచి నా గుండా తెలుగు నడవడం మొదలైంది. కట్టుబాటు మీరడం నరహరి స్వభావం కాదు. కానీ ఇంగ్లీషు వినగానే ఈ కుర్రాడి భుజాలు కొయ్యబారడం అద్దంలో చూశాడు. అందుకని ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనే ఇచ్చి, ధైర్యం చెప్పడానికి మాత్రం తెలుగు వాడుకునేవాడు. "బిగిసిపోకు నాయుడూ." "కిందికి చూసీకు." "అది కర్రోయ్, చెరుకు కాదు, నమిలీకు." వెనక సీటులో భుజాలు దిగేవి. విమానం కూడా తిన్నగా నడిచేది.

అయినా కాలం మించిపోతోంది. నాయుడితో చేరినవాళ్ళందరూ ఒంటరిగా ఎగిరి వచ్చేశారు. దాన్ని సోలో అనేవారు. సోలో చేసినవాడు మనిషి, చెయ్యనివాడు సామాను. గుంటూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు భోజనాల దగ్గర అందరూ వినేలా అనేవాడు: "ఏమయ్యా నాయుడూ, ఇంకా మేష్టారి చంక దిగలేదా?" ఆ వారంలో సోలో చెయ్యకపోతే నాయుణ్ణి నేల మీద గుమాస్తా పనికి మార్చేస్తానని మైదానం పెద్ద అధికారి తేల్చేశాడు. నాయుడికి ఇప్పుడు కావలసింది ఒక్కటే. నువ్వు నడపగలవు అని నరహరి నోటివెంట రావాలి. నరహరి అలాంటి మాటలు తొందరపడి అనే మనిషి కాదు.

ఆ ఉదయం నాయుడు చక్కగా నడిపాడు. నరహరి ఏమీ మాట్లాడలేదు. అతని విషయంలో మాట్లాడకపోవడమే మెచ్చుకోలు. మైదానం అంచున ఉన్న జొన్నచేను మీదుగా దిగుతున్నాం. కర్ర నాయుడి చేతిలో ఉంది. అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఒక గద్ద పై రెక్క కిందుగా దూసుకొచ్చి ముందు సీటుకి గాలి ఆపే గాజుతెరకి కొట్టుకుంది. తెర పగిలి గాజుముక్కలూ ఈకలూ కలిసి నరహరి ముఖం మీద పడ్డాయి. అతని రెండు చేతులూ కళ్ళ మీదికి వెళ్ళాయి. ఇక అతనికి ఏమీ కనపడదు. నడిపితే నాయుడే నడపాలి.

నరహరి అరిచాడు. "నాయుడూ, వదిలీకు!"

వాళ్ళ వైపు 'వదిలెయ్' అన్నది నోట్లో 'వదిలీ' అవుతుంది. 'వదిలెయ్యకు' అన్నది 'వదిలీకు' అవుతుంది. మధ్య తేడా ఒక్క అక్షరం. నొప్పితో తల వెనక్కి విసురుతూ అరిచాడు నరహరి. 'నాయుడూ, వదిలీ' అన్నంతవరకే గరాటులో పడింది. మిగిలిన అక్షరాన్ని గాలి తినేసింది. పడినదాన్ని పడినట్టు నేను నాయుడి చెవుల్లో వేశాను.

నాయుడు తనకు నేర్పినట్టే చేశాడు. కర్ర వదిలి, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. అద్దంలో చూసేవాళ్ళు లేరు.

ఎడమ రెక్క వాలింది. విమానం జొన్నచేలో ముక్కు గుచ్చుకుని పడింది. నరహరి అక్కడికక్కడే పోయాడు. నాయుడికి కుడికాలు రెండుచోట్ల విరిగింది. మంటలు రాలేదు. కంకులు తినడానికి వచ్చిన పిచ్చుకలు ఒకసారి లేచి, కాసేపటికి మళ్ళీ వచ్చి వాలాయి.

నాయుడి టోపీకి అంటుకుని నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. కొన్నాళ్ళకి ముగ్గురు అధికారులు మంచం పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళు అడిగినదాని సారాంశం ఒక్కటే. ఇద్దరిలో ఎవరో ఒకరు తడబడ్డారు, ఎవరు? కర్ర ఎందుకు వదిలావంటే, వదలమన్నారు సార్ అన్నాడు నాయుడు. సరిగ్గా ఏ మాటలతో అన్నాడని అడిగారు. నాయుడు పైకప్పు చూశాడు. తెలుగులో అన్నాడని చెబితే, నరహరి కట్టుబాటు మీరినట్టు తేలుతుంది. పోయినవాడి మీద ఆ మచ్చ వెయ్యడం అతనికి ఇష్టం లేకపోయింది. గుర్తులేదు సార్ అన్నాడు. ఇంకా సోలో చెయ్యని కుర్రాడు, పైగా గుర్తులేదంటున్నాడు. వాళ్ళకి తేల్చడం కష్టం కాలేదు. బెదిరిపోయి చేతులెత్తేశాడన్నారు. కాలు కూడా సరిగా అతకలేదు గనక ఇంటికి పంపేశారు.

మనుషులు తీర్పు చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. అది ఇతరుల మీద దయ అనుకుంటారు. నేను వినగలిగినంతలో, అది భోజనం వేళ అయిందని.

చేతికర్రతో నడవగలిగాక నాయుడు చేసిన మొదటి పని విజయనగరంలో నరహరి ఇంటికి వెళ్ళడం. నన్ను చుట్టచుట్టి సంచిలో వేసుకున్నాడు. ఆ ఇంట్లో అప్పటికి ముగ్గురున్నారు. నరహరి తండ్రి జగన్నాథం పంతులుగారు, లెక్కల మేష్టారుగా చేసి మానుకున్నారు, చెవుడు. ఆయన అక్క పేరమ్మ. నరహరి భార్య సుభద్ర. అప్పటి రివాజు ప్రకారం సుభద్ర తలుపు రెక్క వెనకాల నిలబడింది. చీర అంచు తప్ప ఏమీ కనపడలేదు.

"మేష్టారి మాట నాకు దీంట్లోంచే వినపడేదండి," అని నాయుడు నన్ను ముందు పెట్టాడు. పంతులుగారికి వినపడలేదు. రెండోసారి చెప్పినా వినపడలేదు. అప్పుడు నాయుడే నా చెవుల్ని ఆయన చెవుల్లో పెట్టి, గరాటు తన నోటి దగ్గర పట్టుకున్నాడు. ముసలాయన ఉలిక్కిపడి, "వినిపిస్తోంది!" అన్నారు. ఆ వెంటనే అడిగారు. "చివర్న మావాడు ఏమన్నాడు?"

అధికారులకి చెప్పనిది ఆయనకి చెప్పకుండా ఉండలేకపోయాడు నాయుడు.

"వదిలీ అన్నారండి."

 పంతులుగారు లెక్క సరిచూస్తున్నట్టుగా అన్నారు. "కర్ర నీ చేతిలో ఉంది. వాడికి కళ్ళు కనపడ్డం లేదు. అప్పుడు వదిలీ అన్నాడా? ఎవరికి వదలమనిరా అబ్బాయీ? గాలికా?"

నాయుడు గరాటు కిందికి దించాడు.

"అయితే మావాడు కంగారుపడ్డాడన్నమాట. తన కంగారుతో తను పోయి, నీ కాలు కూడా తీసేడు." ఆయన నా చెవుల్ని తన చెవుల్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నాయుడు వెళ్ళిపోతూ నన్ను అక్కడే వదిలేశాడు.

ఆ రోజు నుంచి పంతులుగారు కొడుకు పేరు ఎత్తలేదు. ఎవరైనా పరామర్శకి వస్తే యుద్ధం సంగతులు మాట్లాడేవారు. ఊళ్ళో మాట మెల్లిగా పాకింది, పంతులుగారబ్బాయి చివర్లో బెదిరిపోయాడట అని. సుభద్ర ఒక్కతే ఒప్పుకోలేదు. "తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి లాగి చూసే మనిషి ఆయన," అనేది పేరమ్మతో. "అలాటాయన ఆ మాట అనరండీ."

"మరి ఆ నాయుడు అబద్ధం చెప్పేడంటావా?"

"ఆ అబ్బాయి ముఖం చూస్తే అలాగా లేదు."

"ఇద్దరిదీ నిజమే ఎలాగౌతుందే?"

సుభద్ర చారు తాలింపులో పడిపోయేది.

నేను మాత్రం ఖాళీగా లేను. పంతులుగారి చెవుడు ముదిరి, నేను ఆ ఇంటి చెవినయ్యాను. ఒకప్పుడు మేఘాల్లో ఆజ్ఞలు మోసినవాణ్ణి, ఇప్పుడు స్నానానికి నీళ్ళు కాగాయనీ, గుమ్మంలో చాకలి వచ్చిందనీ మోసేవాణ్ణి. పని రెండుచోట్లా ఒకటే. సుభద్ర నాలో నెమ్మదిగా మాట్లాడేది. పేరమ్మ అలా కాదు. గొట్టం ఉన్నా సరే, చెవిటివాడితో మాట్లాడాలంటే వీధి అదిరిపోవాలని ఆవిడ నమ్మకం.

ఏడాది తిరిగాక ఒకనాడు భోజనాల దగ్గర పేరమ్మ తమ్ముడి పక్కన గిన్నె పెట్టి, గరాటు అందుకుంది. "ఒరే జగ్గా, పనసపొట్టు ఆవపెట్టేను. నీ కడుపుకి పడదు, తినీకు!" అని కేక వేసి వంటింట్లోకి తిరిగింది. పంతులుగారి ముఖం వికసించింది. ఆమె మళ్ళీ వచ్చేసరికి గిన్నె ఖాళీ.

సాయంత్రానికి ఆయన కడుపు పట్టుకుని మంచం మీద మెలికలు తిరుగుతుంటే పేరమ్మ వాము నీళ్ళు పట్టుకొచ్చి నిలబడింది.

"తినీకు అన్నాను గదరా!"

"తినీ అన్నావు. చెవిటివాణ్ణే గానీ వెర్రివాణ్ణి కాదు. నీ నోటితో నువ్వే తినీ అన్నావు."

"నీ కడుపు సంగతి తెలిసి తినీ అని నేనెందుకంటానురా?"

కత్తిపీట ముందు వంకాయలు తరుగుతున్న సుభద్ర చెయ్యి ఆగిపోయింది.  లేచి, చేతులు కడుక్కుని, నన్ను గోడకున్న వంకె మీంచి తీసింది. నా చెవుల్ని పేరమ్మ చెవుల్లో బయటి చప్పుడు దూరకుండా బిగించి కూర్చోమంది.

"ఇదెక్కడి ఆటే, ఆయన అక్కడ చస్తూంటే?"

"ఒక్క క్షణం అండీ."

సుభద్ర గరాటు నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఎన్నడూ గొంతెత్తి ఎరగని మనిషి, తల వెనక్కి విసిరి అరిచింది. నాకు తెలుసు ఆమె ఏ మాట అరిచిందో. అంతకుముందు ఒకసారి ఆ మాటని మోసినవాణ్ణే. ఈసారి గాలి లేదు. అయినా అక్షరం గరాటు పక్కనుంచే పోయింది.

"ఏం వినిపించింది అత్తా?"

"వదిలీ అన్నావు. ఏం వదలాలే?"

 సుభద్ర నా నోటిని కొంగుతో తుడిచి మళ్ళీ వంకెకి తగిలించింది. ఆ తర్వాత వంకాయలు తరగడం అయ్యేదాకా కళ్ళు తుడుచుకోలేదు.

భర్త తప్పు లేదని ఆమెకి తెలిసిపోయింది. వెంటనే మామగారికి చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. కొన్నాళ్ళపాటు మామూలుగా తిరిగింది. నాలో మాట్లాడబోయి ఒక్కోసారి ఆగిపోయేది. ఆగిన మాట కూడా నాకు అందుతుంది, ఊపిరిలాగా. ఆమె కష్టం నాకు తెలుస్తూనే ఉంది. మామగారికి చెబితే కొడుకు మళ్ళీ ఇంట్లోకి వస్తాడు. కానీ ఇన్నాళ్ళూ మేష్టారు చెప్పినట్టే చేశానన్న ఒక్క ఆధారం మీద బతుకుతున్న కుంటి కుర్రాడి కింద అది కూలిపోతుంది.

చివరికి నాయుడికే కబురు పెట్టింది. అతను అప్పటికి ఒక జూట్ మిల్లులో పని చేస్తున్నాడు. ఆదివారంనాడు వచ్చాడు. ఈసారి సుభద్ర తలుపు వెనక నిలబడలేదు. వరండాలో అతనికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను ఇద్దరి మధ్యా నేల మీద ఉన్నాను.

"నాయుడుగారూ, ఆయన గాల్లో మీతో తెలుగు మాట్లాడీవారు గదా. ఏమేటి అనీవారు?"

నాయుడి ముఖంలో ఎన్నాళ్ళ తర్వాతో నవ్వులాంటిది వచ్చింది. "ఏటుందమ్మా. బిగిసిపోకు అనీవారు. కిందికి చూసీకు, దడిసిపోకు. ఓసారైతే కర్ర నమిలీకు అన్నారు."

"అన్నీ వద్దనే మాటలే."

"అవునమ్మా. నాకు చెయ్యమన్నదానికన్నా వద్దన్నదే ఎక్కువ."

"మరి కర్ర తను తీసుకోవాలంటే?"

"అది ఇంగ్లీషేనమ్మా. అందులో మేష్టారు చచ్చినా తప్పరు. కర్ర వదిలీమనడానికి ఎప్పుడూ తెలుగులో..."

అక్కడ ఆగిపోయాడు. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

"అరిస్తే చివరి అక్షరం రావట్లేదు, నాయుడుగారూ," అంది సుభద్ర. "ఇంట్లో చూసేను."

అతను వంగి నన్ను తీసుకున్నాడు. గరాటు వైపు చూశాడు, చెవుల వైపు చూశాడు. పెదవులు కదిలాయి గానీ ధ్వని రాలేదు. నాకు ధ్వని అక్కర్లేదు. 'వదిలీకు' అన్నాడు.

"కళ్ళు పోయేక నన్ను నడపమన్నారమ్మా."

"అవును."

"సోలో ఇయ్యలేదని తిట్టుకునీవాణ్ణి. రెండు ప్రాణాలూ నా చేతిలో పెట్టీసేరు."

"పెట్టేరు."

"నేను చేతులెత్తీసేను."

సుభద్ర అతన్ని ఓదార్చలేదు. "మీకు వినపడింది మీరు చేసేరు. ఇది మీతో అనకుండా ఉందామనే అనుకున్నాను. కానీ మావగారు ఆయన పేరెత్తి ఏడాదైంది. ఆయనకి చెప్తే ఊరంతా మిమ్మల్ని పట్టుకుంటుంది. చెప్పమని నేననను. వద్దనీ అనను."

నాయుడు చేతికర్ర ఊతంతో లేచాడు. ఆ లేవడానికి చాలాసేపు పట్టింది. నన్ను భుజాన వేసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. పంతులుగారు పడక్కుర్చీలో ఉన్నారు. నాయుణ్ణి చూసి, ఇష్టం లేని లెక్క ముందు పెట్టినట్టు ముఖం తిప్పుకున్నారు. నాయుడు నేల మీద కూర్చుని, విరిగిన కాలు చాపుకుని, నా చెవుల్ని ఆయన చెవుల్లో పెట్టాడు. ఆయన వద్దనలేదు.

నాయుడు అరవలేదు. గరాటు పెదవులకి ఆనించి ఒక్కొక్క అక్షరమే అన్నాడు.

"బాబూ, మేష్టారు వదిలీ అన్లేదు. వదిలీకు అన్నారు. నేనే తప్పు విని వదిలీసేను."

పంతులుగారి చేతులు వచ్చి నా చెవుల్ని తన చెవులకేసి నొక్కుకున్నాయి.

"మళ్ళీ చెప్పు."

"మేష్టారు వదిలీకు అన్నారు బాబూ. నేనే వదిలీసేను."

"మళ్ళీ."

ఆయనకి మొదటిసారే వినపడింది. ఒక్క ముక్క కూడా పోలేదు, నాకు తెలుసు. గుమ్మంలో సుభద్ర గోడకి ఆనుకుని నిలబడింది. నాయుడు మూడోసారి చెప్పాడు. మొదటి మాట బాగానే వచ్చింది.  రెండో మాట దగ్గర గరాటు మీద అతని ఊపిరి మాత్రం తగిలింది. అయినా పూర్తి చెయ్యబోయాడు.

పంతులుగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆ రెండోది అఖ్ఖర్లేదురా అబ్బాయీ. నరహరి అన్నదొక్కటీ చెప్పు."

నాయుడు చెప్పాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అన్నం చల్లారిపోతోందని పేరమ్మ వంటింట్లోంచి పెద్దగా కేకేసింది. ఆయన చెవుల్లో నేను ఉన్నాను గనక వినపడలేదు.